6బీ, 4బీ, నా జేఆర్ఎఫ్

సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్ పరిశోధన, లెక్చరర్ అర్హతకు జాతీయ పరీక్ష) ఫిజికల్ సైన్సెస్‌లో జేఆర్ఎఫ్, అంటే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది! మూడో అటెంప్ట్. అమ్మకు ఫోన్ చేస్తే ఇద్దరికీ మాట పెగల్లేదు. ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ముందు రెండో అటెంప్ట్ సంగతి చెప్పాలి. నాలుగు మార్కుల్లో పోయింది. ఆన్సర్ కీ చూస్తుంటే పార్ట్ సీలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. రొటేషనల్ రామన్ స్పెక్ట్రమ్‌లో (తిరిగే అణువుల మీద పడి చెదిరిన కాంతి గీతల్లో) రేలీ లైన్, అంటే శక్తి మారని కాంతి గీత, నుంచి మొదటి స్టోక్స్ లైన్, అంటే అణువుకు కొంత శక్తి ఇచ్చేసిన కాంతి గీత, ఎంత దూరమో ఇచ్చి, బాండ్ లెంగ్త్ (అణువులో పరమాణువుల మధ్య దూరం) అడిగారు. లైన్ల మధ్య 4బీ అని బట్టీ పట్టాను కదా (బీ అంటే రొటేషనల్ కాన్‌స్టంట్, బాండ్ లెంగ్త్ దాన్నుంచే వస్తుంది), అదే వేసేశాను. 5 మార్కులు రాకపోగా నెగెటివ్‌లో 1.25 పోయింది. ఆ ఒక్కటీ వచ్చుంటే గట్టెక్కేవాణ్ణి.

ఆ రాత్రి అణువు రొటేషన్ శక్తి ఫార్ములా, బీ ఇంటూ జే ఇంటూ (జే ప్లస్ వన్), రాసుకుని మొదట్నుంచీ చేశాను. జే అంటే రొటేషన్ మెట్టు నంబరు. జే రెండు మారాలి. 0 నుంచి 2కి 6బీ, 1 నుంచి 3కి 10బీ. మొదటి లైన్ 6బీ దగ్గర, తర్వాతే 4బీ తేడా. రెండు నిమిషాల పని!

అప్పుడే సూరి భగవంతం గారి గురించి చదివాను. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. నిజాం కాలేజీలో డిగ్రీ చేసి, రామన్ ఎఫెక్ట్ బయటపడిన 1928లోనే కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరారు. 1931లో ఇద్దరూ కలిసి, చెదిరిన కాంతిని కొలిచి ఫోటాన్‌కి (కాంతి కణానికి) స్పిన్ అనే సహజ గుణం ఉందని చూపించారు. అణువుల రొటేషన్ మీద ఆధారపడిన ప్రయోగమే అది, నేను బోల్తాపడ్డ చాప్టరే. ఆయనకు అప్పటికి ఇరవై రెండేళ్లు నిండాయో లేదో. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉంటూ, టి. వెంకటరాయుడు గారితో కలిసి అణువుల కంపనాలకు గ్రూప్ థియరీ (సౌష్ఠవాన్ని లెక్కగట్టే గణితం) వాడారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్, ఐఐఎస్సీ డైరెక్టర్ పదవులన్నీ ఆ తర్వాతివి. నాకు మాత్రం ఆ కలకత్తా రోజులే పట్టుకున్నాయి.

మిగతా ప్రిపరేషన్ మీకు తెలిసిందే: పాత పేపర్లు, మాక్ టెస్టులు. ఒక్కటే మార్చాను. డెరివేషన్ చేయకుండా ఏ ఫార్ములా నోట్‌బుక్‌లో ఎక్కించలేదు. ఏడాదంతా పెళ్లిళ్లకు వెళ్లలేదు, పొగరన్నారు. పొగరు కాదు, రోజూ ఉదయం ఐదింటికి టేబుల్ దగ్గర కూర్చోవాలంటే రాత్రి తొందరగా పడుకోవాలి. ఇప్పుడు లక్కు అంటున్నారు. ఒప్పుకోను. మీరూ ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చోండి, ఎంత టైం మిగులుతుందో మీకే తెలుస్తుంది.

నోట్‌బుక్ ఫోటోలు తీస్తున్నాను. ముందు స్పెక్ట్రోస్కోపీ పేజీలు పెడతాను.