యాకిమాలో నీళ్లు తగ్గాయి

సెప్టెంబరు రెండో వారం వచ్చిందంటే నేను పొద్దున్నే చూసేది ఒకటే అంకె: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఉమ్‌టానమ్ దగ్గర యాకిమా నదిలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి? ఎండాకాలంలో అది 3000 దాటి ఉంటుంది. అప్పుడు పడవలున్నవాళ్లదే రాజ్యం, కాలు పెట్టి దిగే వీలుండదు. ఇప్పుడు 1500 కిందికి వచ్చేసింది. సియాటెల్ నుంచి రెండు గంటల దారి, నదిలో దిగి గాలం వేసేది ఎప్పుడెప్పుడా అని ఉంది.

ఈ నీళ్లు వాటంతటవే తగ్గవు. ఎగువన కీచెలస్, కాచెస్, క్లె ఎలమ్ అని మూడు రిజర్వాయర్లున్నాయి. వేసవంతా దిగువనున్న యాపిల్ తోటలకు, బీరులో వాడే హాప్స్ తోటలకు వీటి నీళ్లు ఈ నదిలోంచే వెళ్తాయి. సెప్టెంబరులో వీటి గేట్లు దించి, పక్కన టైటన్ నది మీదున్న రిమ్‌రాక్ నుంచి దిగువకు నీళ్లు వదులుతారు. ఇక్కడ దీన్ని ఫ్లిప్‌ఫ్లాప్ అంటారు. ఇదంతా చినూక్ సాల్మన్ చేపల కోసం. అవి గుడ్లు పెట్టేది ఇప్పుడే. నది నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు వారన పెట్టేస్తే, చలికాలంలో రిజర్వాయర్లు నింపడానికి నీళ్లు ఆపగానే గుడ్లన్నీ ఎండిపోతాయి. 1980లో కోర్టు కలగజేసుకున్నాక ఈ పద్ధతి వచ్చింది. నేను కృష్ణా డెల్టావాణ్ణి. కాలువలు వదలడం, కట్టేయడం చూస్తూనే పెరిగాను. చేప గుడ్ల కోసం గేట్లు దించడం మాత్రం ఇక్కడే చూశాను. అందుకే ఈ నదంటే నాకు అంత ఇష్టం.

ఇక నేను గాలం వేసే ట్రౌట్ చేపల సంగతి. ఈ నెలల్లో తెల్లవారుజామునే లేచి పరిగెత్తక్కర్లేదు. పదకొండు నుంచి మూడింటి దాకానే అసలు సమయం. మబ్బు పట్టి సన్న తుంపర పడుతుంటే ఇంకేం కావాలి! బ్లూ వింగ్డ్ ఆలివ్ పురుగులు నీటి అడుగు నుంచి పైకి తేలతాయి. బియ్యపు గింజంత ఒళ్లు, బూడిదరంగు రెక్కలు. తడి గాలికి రెక్కలు త్వరగా ఆరవు, ఎగరలేక నీటి మీదే కొట్టుకుపోతుంటాయి. అప్పుడు వడిగా పారే నీళ్లు, నిదానంగా పారే నీళ్లు కలిసే గీత వెంట చూడండి. చప్పుడు లేకుండా ఒక మూతి పైకొచ్చి, పురుగును అందుకుని, మళ్లీ అదే చోట లేస్తుంది. 18 లేదా 20 సైజు ఫ్లైని, అంటే ఈ పురుగులా కనిపించే చిన్న గాలాన్ని, టిప్పెట్ అనే సన్నటి చివరి దారానికి కట్టి, కాస్త ఎగువన వేసి, లైను లాగకుండా వదిలేయండి. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి దిగువ వైపు నుంచే దగ్గరికి వెళ్లాలి. సాయంత్రాలైతే అక్టోబర్ కాడిస్‌లా ఉండే ఫ్లై వేస్తాను. నారింజ పొట్టతో ఉండే పెద్ద పురుగు అది. నది పారే ఇరుకు లోయలో, అదే కాన్యన్‌లో, మధ్యాహ్నం గాలి లేచిందంటే మాత్రం సన్న ఫ్లైలు వేయడం కష్టం.

రోజా డ్యామ్ ఎగువన పట్టిన ట్రౌట్‌ను వదిలేయాల్సిందే, గాలం కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు. ఇది అందరికీ తెలుసు. కొత్తవాళ్లకు తెలియనిది ఇంకొకటుంది. ఎల్లెన్స్‌బర్గ్ ఊరికి ఎగువన, ముఖ్యంగా క్లె ఎలమ్ ఊరి చుట్టుపక్కల, నీటి అడుగున గులకరాళ్లు ఒకచోట తోమినట్టు తెల్లగా కనిపిస్తే అది సాల్మన్ గూడు. ఆడచేప తోకతో గుంట చేసి, గుడ్లు పెట్టి, రాళ్లు కప్పేసి ఉంటుంది. దాని మీద కాలు పెట్టకండి, దాని దిగువన కూడా నడవకండి. అక్కడ ట్రౌట్ ఎంత బాగా లేస్తున్నా సరే, చుట్టూ తిరిగి ఒడ్డు మీంచే వెళ్లండి.