ఫిలడెల్ఫియాలో ఓడిన మూడేళ్లు

ఫిలడెల్ఫియాలో నేను ఉద్యోగం చేసిన మూడు సీజన్లూ ఆ ఊరి బాస్కెట్‌బాల్ జట్టు కావాలనే ఓడిపోయింది. అందులో పెద్ద దాపరికం కూడా లేదు. 2013 మే నెలలో సెవెంటీసిక్సర్స్ పగ్గాలు అందుకున్న శామ్ హింకీ, అక్కరకొచ్చే ఆటగాళ్లను ఒక్కొక్కరిగా ఇతర జట్లకు ఇచ్చేసి, వారికి బదులుగా రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ హక్కులను, అంటే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులను, పోగుచేసుకుంటూ పోయాడు. 82 మ్యాచ్‌ల సీజన్‌లో మొదటి ఏడాది 19 గెలుపులు, రెండో ఏడాది 18, మూడో ఏడాది 10. ఆ 2013 అక్టోబరులోనే నేను అక్కడ దిగాను. క్లయింట్ ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన సౌత్ ఫిలడెల్ఫియాలో పుట్టి పెరిగినవాడు. ఈ ఊళ్లో ఏ ఆటైనా చూడు గానీ ఒక నాలుగేళ్లపాటు బాస్కెట్‌బాల్ జోలికి మాత్రం పోవద్దని మొదటి వారంలోనే హితవు చెప్పాడు.

ఓడితే వచ్చే లాభమేమిటో మొదట నాకు తట్టలేదు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు. కాలేజీల నుంచీ, ఇతర దేశాల నుంచీ కొత్తగా వచ్చే కుర్రాళ్లను ఎంచుకునే వరసలో, ప్లేఆఫ్స్ చేరలేకపోయిన జట్లకు ముందు చోటు దక్కుతుంది. బరిలో ఉండేది అయిదుగురే కనుక, ఒక్క అసాధారణమైన ఆటగాడు దొరికినా పదేళ్లపాటు జట్టు జాతకం మారిపోతుంది. ఐరోపా ఫుట్‌బాల్‌లో లాగా అట్టడుగున నిలిచినవారిని కింది శ్రేణికి దించే పద్ధతి ఇక్కడ లేదు. మన ఐపీఎల్‌లో లాగా వేలమూ లేదు. వేలంలో అందరి పర్సుకూ ఒకటే పరిమితి కాబట్టి, ఓడి బాగుపడే దారి అక్కడ ఉండదు. 2008లో చిట్టచివర నిలిచిన డెక్కన్ చార్జర్స్ మరుసటి ఏడాదే కప్పు కొట్టిందంటే, అది వెనకబడినందుకు ఎవరో ఇచ్చిన బహుమానం వల్ల జరగలేదు.

పూర్వం ఇక్కడ లీగ్‌లోని తూర్పు, పడమర విభాగాల్లో ఆఖరున నిలిచిన జట్ల మధ్య నాణెం ఎగరేసి మొదటి ఎంపిక ఎవరిదో తేల్చేవారు. 1984లో హ్యూస్టన్ కావాలనే ఓడి హకీమ్ ఒలాజువాన్‌ను దక్కించుకుందన్న అనుమానాలు బలపడ్డాక, 1985 నుంచి లాటరీ పెట్టారు. ఒకటి నుంచి పద్నాలుగు వరకు అంకెలున్న బంతులను యంత్రంలో తిప్పి నాలుగింటిని బయటకు తీస్తారు. నేనున్న రోజుల్లో అన్నిటికన్నా అధ్వానమైన జట్టుకు మొదటి ఎంపిక తగిలే అవకాశం నూటికి 25 పాళ్లు. లాటరీ అన్న మాట వినగానే నేను ఉలిక్కిపడేవాడిని, ఎందుకంటే నేను ఆ దేశంలో కాలుపెట్టిందే లాటరీలో. 2013 ఏప్రిల్‌లో 85 వేల హెచ్‌-1బీ వీసాలకు సుమారు 1,24,000 దరఖాస్తులు వచ్చాయి. మాలో ఎవరు ఎన్ని మార్కులతో పాసైనా, ఎన్ని మార్కులతో తప్పినా చీటీ ఒక్కటే. ఆఖరున నిలిచినవాడికి ఎక్కువ చీటీలిచ్చే లాటరీ ఒకటి ఉంటుందని మా పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియదు.

నా పని ప్రొడక్షన్ సపోర్ట్. ఇరవై ఏళ్ల నాటి ఒక పాత సిస్టమ్ రాత్రిపూట నడిపే బ్యాచ్ జాబులు ఆగిపోతే, రెండు గంటలకైనా మూడు గంటలకైనా ఫోను మోగేది, లేచి వాటిని మళ్లీ నడిపించాలి. ఆగిపోవడానికి మూలకారణం ఏమిటో నేను చేరిన ఆరు నెలలకే పట్టుకుని, రెండు వారాల పనితో సరిచేయవచ్చని రాసిచ్చాను. జవాబు రాలేదు. రెండోసారి రాసినప్పుడు మేనేజరు నన్ను కాఫీకి తీసుకెళ్లి, కొత్త ప్లాట్‌ఫారానికి బడ్జెట్ మంజూరు కావాలంటే పాతదాని మీద ఫిర్యాదుల సంఖ్య తగ్గకూడదని చాలా మర్యాదగా వివరించాడు. ఆ మాటలో తర్కం ఉంది. తప్పు ఎక్కడుందో నాకు అప్పుడు చెప్పడం చేతకాలేదు. ఆ రాత్రి మళ్లీ ఫోను మోగింది, మళ్లీ లేచాను.

2015 డిసెంబరు 1, మంగళవారం. సీజన్ మొదలైన దగ్గర నుంచి సిక్సర్స్ 18 మ్యాచ్‌లు ఆడి 18 ఓడింది. అంతకుముందు సీజన్ చివరి పదీ కలిపితే వరుసగా 28. ఆ రోజు వచ్చింది లేకర్స్ జట్టు. రెండు రోజుల కిందటే తాను రిటైరవుతున్నట్టు ప్రకటించిన వారి మేటి ఆటగాడు కోబీ బ్రయంట్‌కు తన సొంత ఊళ్లో అదే ఆఖరి మ్యాచ్. పెద్దాయన తన సీజన్ టికెట్లలో ఒకటి నాకిచ్చాడు. ఆఫీసు నుంచి నేరుగా బ్రాడ్ స్ట్రీట్ సబ్‌వేలో నిలబడే వెళ్లాం. ఏళ్ల తరబడి తమ ఊరివాడినే వెక్కిరించిన జనం ఆ రాత్రి కోబీ పేరు జపించారు. అతను వేసిన 26 షాట్లలో 7 మాత్రమే బుట్టలో పడ్డాయి. సిక్సర్స్ 103-91తో గెలిచింది.

గంట మోగగానే బెంచ్ మీది కుర్రాళ్లు తువ్వాళ్లు గిరాటేసి కోర్టులోకి ఉరికారు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను. పెద్దాయన మాత్రం కూర్చునే వేళ్ల మీద లెక్క వేస్తున్నాడు. లేకర్స్ వారి ఆ ఏటి డ్రాఫ్ట్ ఎంపిక మొదటి మూడు స్థానాల్లో రాకపోతే మనకే వస్తుంది, కాబట్టి లేకర్స్ మరీ దిగజారకూడదు; మన జట్టు మాత్రం అట్టడుగునే ఉండాలి; ఈ ఒక్క గెలుపుతో రెండు విధాలా నష్టం అన్నాడు. అని, కాసేపటికి, నలభై ఏళ్లుగా ఈ జట్టును చూస్తున్న నేను ఇవాళ ఈ పిల్లలు ఓడాలని కోరుకున్నాను, చూశావా అన్నాడు. తిరుగు రైల్లో ఆయన మళ్లీ మాట్లాడలేదు.

కోర్టులో ఉన్నవాడెవడూ ఓడాలని ఆడడం లేదన్నది నాకు ఆ రాత్రే అర్థమైంది. వాళ్లలో చాలామందిని డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. అప్పట్లో ఆ జట్టులో చేరి పది రోజుల కాంట్రాక్టుల మీద ఆడి వెళ్లిపోయినవారూ ఉన్నారు. వాళ్లకు ప్రతి మ్యాచ్ ఒక ఇంటర్వ్యూ. ఓటమిని ఏర్పాటు చేసింది పైవాళ్లు. గణాంకాల్లో ఓటమి ఎక్కింది వీళ్ల పేర్ల మీద. ఆ ఓటములు కొనిపెట్టిన మంచి రోజులు వచ్చేసరికి వీళ్లలో అత్యధికులు ఆ ఊళ్లోనే ఉండరు.

హింకీ లెక్క తప్పని నేను అనను. 2014లో మూడో ఎంపికగా దొరికిన జోయెల్ ఎంబీడ్ 2023లో లీగ్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటింది లేదు. దాటి ఉన్నా నా అభ్యంతరం అలాగే ఉండేది. మంచి ఆటగాడి కోసం నష్టపోదలచిన యజమాని తన సొమ్ము పోగొట్టుకోవచ్చు. ఇంకొకడి కెరీర్‌లోని రెండేళ్లను అందుకు పెట్టుబడిగా వాడుకునే హక్కు అతనికి లేదు. 2016 ఏప్రిల్‌లో హింకీ 13 పేజీల లేఖ రాసి తప్పుకున్నాడు. అదే వసంతంలో కొత్త ప్లాట్‌ఫారానికి బడ్జెట్ వచ్చింది, దాని పనికి వేరే వెండర్ మనుషులు వచ్చారు, నేను బెంచ్ మీదికి వెళ్లాను. మా వాళ్లు బెంచ్ అంటే ప్రాజెక్టు లేకుండా రెజ్యూమె పట్టుకుని ఎదురుచూడడం. దాని మీద తువ్వాలు ఊపే వేడుక ఉండదు.

తరవాతి ప్రాజెక్టు డాలస్‌లో దొరికింది, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. ఇక్కడా ఆ తంతు తప్పలేదు. 2023 ఏప్రిల్‌లో షికాగోతో మ్యాచ్‌లో డాలస్ జట్టు మేవరిక్స్ తన ముఖ్య ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టి ఓడినందుకు లీగ్ ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. మొదటి పదిలో రాకపోతే వేరే జట్టుకు పోవలసి ఉండగా, ఓడి కాపాడుకున్న పదో ఎంపికతో లావాదేవీ నడిపి తెచ్చుకున్న డెరెక్ లైవ్లీ మరుసటి ఏడాది ఫైనల్స్‌లో ఆడాడు కనుక, ఆ జరిమానా చవక బేరమే అయింది. 2019 నుంచి అధ్వానమైన మూడు జట్లకూ అవకాశాన్ని తలా 14 పాళ్లకు కుదించినా ఈ బేరాలు ఆగలేదు.

2025 మేలో లాటరీ తీసిన రాత్రి పెద్దాయన ఫోన్ చేశాడు. రిటైరై చాలా కాలమైంది. ఆ సీజన్‌లో 58 మ్యాచ్‌లు ఓడిన సిక్సర్స్‌కు మూడో ఎంపిక వచ్చింది. 65 ఓడిన యూటాకు అయిదోది. నూటికి 1.8 పాళ్ల అవకాశం మాత్రమే ఉన్న డాలస్‌కు మొదటిది తగిలింది. "మీ ఊరికి ఓడడం కూడా సరిగ్గా రాదు, అయినా తగిలింది" అని నవ్వాడు. ఆ పాత సిస్టమ్ ఏమైందని అడిగాను. కొత్తది ఇంకా పూర్తిగా పట్టాలెక్కలేదట. రాత్రి జాబులు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయట, ఆగితే లేవడానికి హైదరాబాదులో ఒక కుర్రాడున్నాడట.