మడిలోని యూరియా, పైనున్న నత్రజని

ఎడగారు పైరుకు మా కోవూరు వైపు మళ్ళలో యూరియా చల్లే రోజుల్లో, సాయంత్రం కాలువ గట్టు మీద నిలబడి పడమటి ఆకాశాన్ని చూసినప్పుడల్లా, చాలాకాలం రసాయన శాస్త్రం బోధించిన నాకు ఆ ఎరువుకూ ఆ ఆకాశానికీ ఉన్న సంబంధమే గుర్తుకు వస్తుంది. పైరు తీసుకోగా మిగిలిన నత్రజనిలో కొద్ది భాగాన్ని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రస్ ఆక్సైడుగా మారుస్తాయి. శతాబ్దానికి పైగా గాలిలో నిలిచే ఆ వాయువు, ముఖ్యంగా ఉష్ణమండలంలో పైకి లేచే గాలితోపాటు సుమారు 17 కిలోమీటర్ల ఎత్తు దాటి, ఓజోను పొర ఉండే స్ట్రాటో ఆవరణంలో ప్రవేశిస్తుంది. అక్కడ దానిలో కొంత నైట్రిక్ ఆక్సైడుగానూ, అది ఓజోనుతో కలిసి నైట్రోజన్ డయాక్సైడుగానూ మారతాయి. ఈ జంట తాను తరగకుండా ఓజోనును తరిగిస్తుందని 1970లో వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ చూపారు.

పైనున్న ఈ వాయువులకు ఋతువును నిర్ణయించేది ముఖ్యంగా రాత్రి నిడివి. చీకటి పడగానే నైట్రోజన్ డయాక్సైడు క్రమంగా డైనైట్రోజన్ పెంటాక్సైడులో ఒదిగిపోతుంది; పగటి ఎండ దానిని మళ్ళీ విడదీస్తుంది. అందుకే ఉదయం కంటే సాయంత్రం నైట్రోజన్ డయాక్సైడు ఎక్కువగా ఉంటుంది. శీతాకాలపు సుదీర్ఘ రాత్రులలో ఆ పెంటాక్సైడు గంధకామ్లపు సూక్ష్మబిందువుల మీద నత్రికామ్లంగా మారిపోవడం వల్ల నైట్రోజన్ డయాక్సైడు కనిష్ఠానికి చేరి, వేసవిలో తిరిగి పెరుగుతుంది. నెల్లూరులో పగటి నిడివి ఏడాది పొడవునా 11 నుండి 13 గంటల మధ్యనే ఉంటుంది గనుక ఇక్కడ ఆ తేడా స్వల్పం. న్యూజిలాండ్‌లోని లాడర్‌లో 1980 నుండి సంధ్యవేళల ఆకాశకాంతిలో ఈ వాయువు పీల్చుకున్న వంతును కొలుస్తున్నారు. ఆ కొలతలలో వేసవి శిఖరం, శీతాకాలపు లోయ ఏటా స్పష్టంగా కనిపిస్తాయి. 1991లో పినటూబో అగ్నిపర్వతం బద్దలై గంధకామ్ల బిందువులు పెరిగిన తరువాత, అక్కడి నైట్రోజన్ డయాక్సైడు గణనీయంగా తగ్గింది. ఆ బిందువుల పాత్రకు అంతకంటే బలమైన సాక్ష్యం నాకు తట్టదు.

నెలల తరబడి సూర్యుడే కనిపించని దక్షిణ ధ్రువం మీద ఈ మార్పు పరాకాష్ఠకు చేరుతుంది. ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల కంటే దిగువకు జారినప్పుడు నత్రికామ్లం మేఘకణాలుగా గడ్డకట్టి కిందికి రాలిపోతుంది. ఓజోనును తినే నత్రజని ఆక్సైడులే, తనలాగే ఓజోనును తినే క్లోరినును కట్టిపడేసే పని కూడా చేస్తాయి కాబట్టి, వసంతంలో సూర్యుడు తిరిగి వచ్చేసరికి అక్కడ క్లోరినుకు అడ్డు ఉండదు.