ఐటీఎస్ నిధుల ప్రశ్న: మడపాం టోల్‌గేటు నుంచి మొదలుపెట్టండి

గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఇంటెలిజెంట్ ట్రాన్స్‌పోర్టేషన్ సిస్టమ్స్ (ఐటీఎస్, అంటే రోడ్డు రవాణాని టెక్నాలజీతో నడిపే ఏర్పాట్లు) టాపిక్‌ని సైన్స్ అండ్ టెక్నాలజీ నోట్సులో పడేస్తారు. సెన్సర్లు, కెమెరాలు, జీపీఎస్ అని నాలుగు ముక్కలు రాసి వదిలేస్తారు. ప్రశ్నలో ‘నిధులు’ అని కనపడగానే పెన్ను ఆగిపోతుంది. నిజానికిది ఎకానమీ ప్రశ్న. రూపాయి ఎక్కడ పుట్టింది, ఎవరు ఖర్చుపెట్టారు, పరికరం మూలపడితే బాగుచేయించేదెవరు? ఈ వరసలో రాసుకోండి.

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్తుంటే మడపాం టోల్‌గేటు వస్తుంది కదా, అక్కడే మొదలుపెట్టండి. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. పైనున్న రీడర్ పంపే రేడియో తరంగంతోనే అందులోని చిప్ పనిచేస్తుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు నుంచి బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థ మీదుగా టోల్‌ప్లాజా బ్యాంకుకి డబ్బు చేరుతుంది. ఆ తర్వాతి మలుపునే చాలామంది వదిలేస్తారు. ప్రభుత్వ సొమ్ముతో వేసిన రోడ్డైతే ఆ వసూలు భారత సంఘటిత నిధికి వెళ్లి, బడ్జెట్ ద్వారా మళ్లీ జాతీయ రహదారుల సంస్థకి వస్తుంది. బీఓటీ (టోల్) పద్ధతిలో, అంటే గుత్తేదారు తన డబ్బుతో వేసి, కొన్నేళ్లు నడిపి అప్పగించే రోడ్డైతే గుత్తేదారుకే. ఈ తేడా రెండు వాక్యాల్లో రాస్తే చాలు, జవాబు బరువు మారుతుంది.

రెండో ఊట పెట్రోలు, డీజిల్ సెస్సు. 2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టాన్ని 2018లో సవరించి, పేరులో ‘మౌలిక వసతులు’ చేర్చారు. సెస్సు కాబట్టి 270వ అధికరణ కింద కేంద్రం రాష్ట్రాలకి పంచే పన్నుల మొత్తంలోకి రాదు. అలాగని రాష్ట్రాలకి పైసా రాదని రాసేయకండి. ఈ నిధి నుంచి రాష్ట్ర రోడ్లకీ వాటా ఉంది.

మూడోది, నగరాల్లో సిగ్నళ్లు, కెమెరాలకి డబ్బిచ్చిన స్మార్ట్ సిటీ మిషన్. అసలు దెబ్బతినేది ఇక్కడే. 2015 జూన్ 25న మొదలైన మిషన్‌లో 100 నగరాలకి కేంద్రం చెప్పింది 48,000 కోట్లు. అది కేంద్రం వాటా మాత్రమే. అంతే మొత్తం రాష్ట్రం, స్థానిక సంస్థ కలిపి పెట్టుకోవాల్సి ఉండేది. బిట్‌లో ‘మొత్తం వ్యయం’ అని అడిగి ఇదే అంకె ఆప్షన్‌లో పెడితే నెగెటివ్ మార్కింగ్‌లో 0.33 మార్కు ఎగిరిపోతుంది. మన రాష్ట్రంలో ఎంపికైనవి విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి. కాబట్టి శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి సిగ్నళ్లని ఉదాహరణగా రాసి, పక్కన స్మార్ట్ సిటీ నిధులని పెట్టకండి. శ్రీకాకుళం, విజయనగరం ఉన్నది అమృత్ జాబితాలో. అది ప్రధానంగా నీళ్లు, మురుగునీటి పథకం.

విమర్శ రాయమంటే నిర్వహణ ఖర్చు పట్టుకోండి. గ్రాంటు కెమెరా కొనడానికి వస్తుంది. లీజు లైను అద్దె, కరెంటు బిల్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు మాత్రం ఏటా నగరపాలక సంస్థ నెత్తిన పడతాయి. అవి కట్టలేకపోతే తెర నల్లబడుతుంది, స్తంభం నిలబడే ఉంటుంది.

బస్సుల్లో ట్రాకింగ్ పరికరం, పానిక్ బటన్ గురించి రాస్తే మహిళల భద్రత కోసం 2013 బడ్జెట్‌లో ప్రకటించిన నిర్భయ నిధి గురించి ఒక్క వాక్యం చాలు.

విజయనగరం వాళ్లు మడపాం తీసేసి నాతవలస టోల్‌గేటు రాసుకోండి. లెక్క అదే.