సోమవారం కడుపునొప్పి

2022 జూన్‌లో నేను పదో తరగతికి వచ్చాను. హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. బడి తెరిచిన రెండో వారంలోనే కడుపునొప్పి మొదలైంది. పొద్దున లేవగానే బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. యూనిఫాం వేసుకునేసరికి అరచేతులకు చెమటలు పట్టేవి. బ్యాగు భుజాన వేసుకుంటే వాంతి. "ఇయ్యాల్టికి పండుకో బిడ్డా" అనేది అమ్మ. పది గంటలకల్లా నొప్పి పోయేది, మధ్యాహ్నం మామూలుగా అన్నం తినేదాన్ని. అది చూసి ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఒకటే అనుమానం, బడి ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని.

నాటకం కాదు. ఆ నొప్పి నిజంగా ఉండేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట ముందు చెప్పాలనిపిస్తుంది. నొప్పిని ఎలాగో ఓర్చుకున్నాను గానీ, ఎవరూ నమ్మకపోవడాన్ని ఓర్చుకోలేకపోయాను.

ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు గ్యాస్ అని గోళీలిచ్చాడు, రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. కోదాడ తీసుకెళ్లి స్కానింగ్ తీయించారు. రక్తపరీక్షలతో సహా అన్నీ నార్మల్. నాయనమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. ఆమె మీద నాకు కోపం లేదు. నాకు నొప్పి ఉందని నమ్మిన మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే.

జూలైలో భారీ వానలకు ప్రభుత్వం బడులకు వారం సెలవులిచ్చింది. ఆ వారం నాకు ఏ నొప్పీ లేదు. నాన్న లారీ కూడా ఆ వానలకు ఇంటి ముందే ఆగిపోయింది. అమ్మ గమనించింది గానీ సెలవుల్ని మాత్రమే గమనించింది. బడి తెరిచిన రోజు పొద్దున నేను మళ్లీ వాంతి చేసుకుంటే, మొట్టమొదటిసారి నన్ను చెంప మీద కొట్టింది. తర్వాత తనే ఏడ్చింది.

బడిలో నా పేరు పక్కన ఎర్ర గుర్తులు పెరుగుతూ పోయాయి. వెళ్లిన ఒక రోజున ఒక సారు క్లాసులో అందరి ముందు, "నీవల్ల స్కూల్ పర్సంటేజీ పోతది, వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టుకో" అన్నారు. ఆ మాట తర్వాత పదకొండు రోజులు బడి ముఖం చూడలేదు.

దసరా సెలవులు అయిపోయిన వారం మా సోషల్ మేడం ఇంటికొచ్చారు. మా క్లాస్ టీచర్ ఆవిడే. నాయనమ్మ వేసిన నులక మంచం మీద కూర్చుని, ఫోన్ తీసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అందులో హాజరు పట్టీ ఫోటోలు. రెండు వేళ్లతో పెద్దది చేసి నా వరస చూపించారు. తిడతారనుకుని తల దించుకున్నాను.

"ఇవన్నీ సోమ, మంగళవారాలు చూడు. ఇక్కడేమో ఆగస్టులో వరసగా ఎనిమిది రోజులు వచ్చినవ్. ఒక్క ఆబ్సెంట్ లేదు. ఆ ఎనిమిది రోజులు ఏమైంది రా?"

నాకు తెలియలేదు. అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "అప్పుడు వాళ్ల నాన్న ఇంట్లనే ఉన్నడు మేడం. లారీ ఇంజన్ పనికి ఇచ్చినం" అంది మెల్లగా.

మేడం ఫోన్ పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

మా నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లోడు తోలతాడు. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో, ఆయనకు ఆక్సిజన్ పడిపోయింది. బెడ్ దొరికేదాకా రెండు రాత్రులు ఇంట్లోనే ఉన్నాడు. ఆయన వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి, గంటగంటకూ అంకె నోట్‌బుక్‌లో రాసే పని నాది. చీకట్లో ఆయన గోరు కింద ఎర్రటి వెలుగు, దాని మీద 91, 89, 88. నేను నిద్రపోతే ఆయన పోతాడని గట్టిగా నమ్మాను. పన్నెండు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి క్షేమంగా తిరిగొచ్చాడు. అందరూ అది మర్చిపోయారు. నేనూ మర్చిపోయాననే అనుకున్నాను. ఏడాది పాటు దగ్గర్లో చిన్నాచితకా పనులు చేసుకున్న నాన్న, 2022 జూన్‌లో మళ్లీ లారీ ఎక్కాడు. లోడు ఎత్తుకుని బయల్దేరేది ఎక్కువగా ఆదివారం రాత్రి. ఇంట్లో ఉంటే అమ్మ ఫోన్‌తో గంటకోసారి ఆయనకు చేసేదాన్ని. బడికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు.

ఆ అక్టోబర్ 10నే కేంద్రం మానసిక ఆరోగ్యం కోసం టెలీ మానస్ హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. నంబరు 14416, ఉచితం. పేపర్లో చదివిన మేడం, స్టాఫ్ రూమ్ వెనక వరండాలో తన ఫోన్ నుంచే కలిపి నాకిచ్చారు. తెలుగులోనే మాట్లాడారు. అవతలి అక్క నన్ను అడ్డుకోకుండా మొత్తం విని, "నీకు వస్తున్నది పానిక్ అమ్మా, డాక్టరుకు చూపించుకుంటే తగ్గుతుంది" అంది. సూర్యాపేట జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లమంది. 'పిచ్చాసుపత్రి' అనుకుని అమ్మ భయపడింది. వెళ్లి చూస్తే మామూలు ఓపీయే, చీటీ రాయించుకుని లైన్లో కూర్చున్నాం.

డాక్టరు మేడం అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. భయం వేసినప్పుడు శరీరం పరిగెత్తడానికి సిద్ధమవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అరుగుదల మందగిస్తుంది, అందుకే కడుపు తిప్పుతుంది. నొప్పి కల్పితం కాదు, అది మొదలయ్యే చోటు కడుపు కాదు, అంతే. ఆందోళన తగ్గడానికి రోజుకొక ఫ్లూక్సెటీన్ మాత్ర రాశారు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పారు. మొదటి వారం వికారం, నిద్రలేమి ఇంకా ఎక్కువయ్యాయి. ముందే చెప్పకపోయుంటే మానేసేదాన్ని. నాలుగో వారంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా, ఇవాళ కడుపు గుర్తుకు రాలేదే అనిపించింది.

మందు సగం పనే చేసింది. మిగతా సగం బడిలో జరిగింది. డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి హెచ్ఎం సారు ఒప్పుకున్నారు. మొదటి వారం అమ్మతో గేటు దాకా వచ్చి పావుగంట నిలబడడం. రెండో వారం ఒక్క సోషల్ పీరియడ్. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం దాకా. సాయంత్రం స్పెషల్ క్లాసు సంక్రాంతి దాకా లేదు. ఇంటర్వెల్‌లో మేడం ఫోన్ నుంచి నాన్నకు రెండుసార్లు చేయొచ్చు, పై వారం ఒక్కసారి, ఆపై వారం అసలు వద్దు. అదే అన్నిటికంటే కష్టం. ఫోన్ చేసిన కొద్దీ భయానికి మేత వేసినట్టే అవుతుందని డాక్టరు అన్నారు. చేయకుండా కూర్చున్న మొదటి రోజు, బెంచీ అంచును పట్టుకుని పట్టుకుని వేలికి పేడు గుచ్చుకుంది. ఇరవై నిమిషాలకు ఆ భయం దానంతటదే దిగింది. నేనేమీ చేయకుండానే దిగింది!

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ వాంతులు, నాలుగు ఆబ్సెంట్లు. అంతా మొదటికొచ్చిందని గదిలో తలుపేసుకున్నాను. మేడం సాయంత్రం ఫోన్ చేసి, "నాలుగే కదా, రేపు ఒక్క పీరియడ్‌కు రా" అన్నారు. వెళ్లాను.

హాజరు చాలక హాల్ టికెట్ రాదేమోనని టెన్షన్ పడ్డాం. మెడికల్ సర్టిఫికెట్ జతచేసి హెచ్ఎం సారు పైకి రాశారు. 2023 ఏప్రిల్ 3న తెలుగు పరీక్షతో మొదలుపెట్టి ఆరు పేపర్లూ రాశాను. జీపీఏ 7.2 వచ్చింది. ఇంటర్ మొదటి ఏడు చివర్లో డాక్టరే మాత్ర కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేశారు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో తీర్పు చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని, టీచర్లకూ సిబ్బందికీ ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని అంది. ఆ వార్త మూడుసార్లు చదివాను. మా బడిలో రెండొందల మందికి పైనే ఉండేవాళ్లం, కౌన్సిలర్ అనే మాటే మేం వినలేదు. ఉన్నది ఆ మేడం, ఆవిడ ఫోన్. ఆవిడకు ఆ ఏడు బదిలీ అయ్యుంటే నేను పదో తరగతి దాటేదాన్ని కాదు. ఒక పిల్ల బతుకు అలా అదృష్టం మీద ఆధారపడకూడదని నా బాధ. హాజరు రోజూ వేస్తారు. నెలకోసారైనా ఎవరో ఒకరు ఆ పట్టీని కూర్చుని చదవాలి, ఎన్ని రోజులు రాలేదని కాదు, ఏ రోజులు రాలేదని.

ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడు చదువుతున్నాను. నాన్న ఇంకా సిమెంటు లోడే తోలుతున్నాడు. పోయిన వారం మా పక్కింటి వదిన, ఏడో తరగతి చదివే కొడుకును తిడుతూ గేటు దగ్గర కనిపించింది. "ఆదివారం ఆడిండు, సోమవారం కడుపునొప్పంటడు" అంటోంది. వాడు గోడకు ఆనుకుని రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు. నేను వెళ్లి వాడి పక్కన కూర్చున్నాను, ఏమీ అడగలేదు. కాసేపటికి, "అక్కా, నాకు నిజంగనే నొస్తది" అన్నాడు.

"నాకు తెలుసు రా" అన్నాను.

రేపు సోమవారం. పొద్దున ఏడింటికే వస్తానని వదినకు చెప్పాను.