83 సెంటీమీటర్ల గొట్టం

కందుకూరు పక్కన మా పల్లెలో బావి మీద ఆయిలింజను ఆడుతుంటే, ఇంటి అరుగు మీద కూర్చుని దాని దెబ్బలు లెక్కపెట్టవచ్చు. నిమిషానికి 650 చుట్లు తిరిగే పాతకాలపు ఒంటి సిలిండరు ఇంజను అది. రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి సెకనుకు ఐదారు దెబ్బలకు మించవు. ఆ మోత భరించలేక మా నాయన పొగగొట్టాన్ని ఇటుకలు కట్టి బండ మూసిన గుంతలోకి దింపి, అక్కడి నుంచి ఇంకో గొట్టంతో పైకి తీశాడు. ఇరవై ఏళ్ల తరువాత, జర్మనీలో బోడెన్ సరస్సుకు ఉత్తరాన ఉన్న ఒక చిన్న వర్క్‌షాపులో నాకు అప్పగించిన మొదటి పని కూడా పొగగొట్టం మోత తగ్గించడమే. కాకపోతే ఇది విమానం. గుంత తవ్వుకునే వీలు లేదు, ప్రతి కిలో బరువుకూ లెక్క చెప్పాలి.

ఒక ఆసామి తాను స్వయంగా కట్టుకున్న రెండు సీట్ల విమానానికి మాజ్దా కార్లలో వచ్చే 13బి అనే రోటరీ ఇంజను బిగించుకున్నాడు. రోటరీ అనగానే మొదటి ప్రపంచయుద్ధం నాటి, సిలిండర్లే గిర్రున తిరిగే ఇంజన్లు కొందరికి గుర్తుకు వస్తాయి. ఇది ఆ జాతి కాదు. జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనలోంచి పుట్టి, 1957లో ఎన్‌ఎస్‌యూ అనే జర్మన్ వాహనాల కంపెనీలో మొదటిసారి తిరిగిన ఇంజను వంశానిది. లోపల పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు ఉంటాయి, వాల్వులు అసలే ఉండవు. మామూలు ఇంజనులో ఎగ్జాస్టు వాల్వు క్రమంగా లేస్తుంది కాబట్టి వాయువు కొంత నెమ్మదించి బయటికి వస్తుంది. ఇక్కడ రోటరు మూల, పొగ పోయే రంధ్రాన్ని దాటిన మరుక్షణమే దారి తెరుచుకుని, ఒత్తిడి ఇంకా తగ్గని వాయువు చెంపదెబ్బలా బయటపడుతుంది. రెండు రోటర్లు, నిమిషానికి 6000 చుట్లు అంటే సెకనుకు 200 దెబ్బలు. లెక్కపెట్టడం మాట అటుంచి, చెవి పక్కన రంపం ఆడుతున్నట్టు ఉంటుంది.

అయితే మోతతో తలపడే ముందు వేడితో తలపడాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈ ఇంజను ఎగ్జాస్టు 900 డిగ్రీలు దాటుతుంది, లోపల కాలకుండా మిగిలిన ఇంధనం గొట్టంలోకి వచ్చాక కూడా మండుతూనే ఉంటుంది. గాజుపీచు కూరిన మఫ్లరు, అంటే సైలెన్సరు, ఒకటి బిగిస్తే, కొద్ది గంటల్లోనే ఆ పీచంతా పండిన బూరుగుకాయ పగిలినట్టు షెడ్డు ముందు ఎగిరిపడింది. లోపల అడ్డుపలకలు పెడితే అవి అంచుల్లో పెళుసెక్కి చీలిపోయాయి. వేడికి ఓర్చే నికెల్ మిశ్రలోహం ఇంకొనెల్ రేకు తట్టుకున్నది గాని, పలకలు ఎక్కువైనకొద్దీ వాయువు వెనక్కి నెట్టి ఇంజను బలాన్ని తినేస్తుంది.

అందుకని పలకలు తగ్గించి, ప్రధాన గొట్టానికి పక్కగా చివర మూసిన గొట్టం ఒకటి అతికించాలని అనుకున్నాం. అందులోకి పోయిన శబ్దతరంగం మూతకు తగిలి, సగం తరంగం వెనకబడి తిరిగివచ్చి, ఎదురుగా వచ్చేదాన్ని కొట్టేస్తుంది. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. బయటి గాలిలో శబ్దం సెకనుకు 340 మీటర్లే పోతుంది, 900 డిగ్రీల వాయువులో సుమారు 665 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 200 దెబ్బలకు 83 సెంటీమీటర్లు వచ్చింది. మా మేనేజరుకు లెక్క చూపించి, మంచి మార్కులు వచ్చిన పిల్లవాడిలా నిలబడ్డాను. తీరా ఇంజను నడిపితే 6000 దగ్గర మోత ఎప్పటిలాగే ఉంది. 4600 దగ్గర మాత్రం, ఎవరూ అడగని చోట, చక్కగా అణిగింది.

మా ముసలి వెల్డరు ఆ గొట్టం మూత వైపు వేలు చూపించి, "ఇక్కడ వాయువు పారుతుందా, నిలుస్తుందా?" అని మాత్రం అడిగాడు. వేడి కొలిచే థర్మోకపుల్ తీగ పెట్టి చూస్తే లోపల 400 డిగ్రీల దగ్గరే ఉంది. ప్రవాహం లేని చోట వాయువు చల్లారుతుంది, చల్లారిన వాయువులో శబ్దం నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదికి తగ్గట్టు గొట్టం కురచగా ఉండాలి. కొత్త లెక్కకు 64 సెంటీమీటర్లు వచ్చాయి. కోసి తీసిన 19 సెంటీమీటర్ల ముక్క ఇప్పటికీ నా బల్ల మీద పెన్నుల డబ్బాగా ఉంది.

ఇక్కడ ఆదివారం మోత చేయకూడదు కాబట్టి ఇంజను పరీక్షలు ఉండవు, ఆ రోజు ఇంటికి ఫోను చేస్తాను. జరిగినదంతా చెబితే మా నాయన, "గుంతలోనూ అంతే గదబ్బయ్యా, ఎండాకాలం రెండు బిందెల నీళ్లు పోసేవాణ్ణి, పొగ చల్లారితే మోత తగ్గేది" అన్నాడు. ఆ నీళ్లు దుమ్ము అణచడానికి పోస్తాడని నేను చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాను.

కొత్త గొట్టంతో 6000 దగ్గర మోత అణిగింది. ఇప్పుడు దాని వెనక ఇన్నాళ్లూ దాగిన ప్రొపెల్లరు శబ్దం ముందుకు వచ్చింది. ఆసామి వచ్చే వారం దాని సంగతి మాట్లాడడానికి వస్తానన్నాడు.