గిజిగాడి గూడు అంటే ఇన్నాళ్ళూ ఏమనుకున్నానంటే
నిన్న అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పొలం బావి దగ్గర ఈతచెట్టుకి గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి, అందులో రెండు మూడు సగం కట్టి వదిలేసినవి, టోపీల్లా ఉన్నాయి. పాపం గాలికి పాడైపోయాయేమో అనుకున్నా. మామయ్య నవ్వి, అవి పాడవ్వలేదురా, ఆడపిట్టకి నచ్చలేదు అన్నాడు!

కట్టేది మగపిట్టేనంట. సగం వరకు కట్టి రెక్కలు టపటపలాడిస్తూ పిలుస్తది, ఆడది వచ్చి లోపలంతా చూసుకుని ఓకే అంటేనే కింద ఆ పొడుగు గొట్టం కట్టేది, లేదంటే మళ్ళీ ఇంకో గూడు మొదలు. మన పెళ్ళిచూపులు నయం. ఒక్కో గూటికి వందల సార్లు గడ్డిపోచలు మోసుకురావాలి, లోపల తడిమట్టి కూడా మెత్తుతది.

ఇంత కష్టపడ్డాడు కదా అని జాలిపడేలోపే మామయ్య ఇంకో మాట చెప్పాడు, ఆడది గుడ్లు పెట్టగానే అయ్యగారు పక్క కొమ్మకి పోయి ఇంకో ఆడపిట్ట కోసం కొత్త గూడు మొదలెడతాడంట 😂 వెనకాల అత్తయ్య ముఖం చూడాలి అప్పుడు.